పని లేకున్నా పరుగే: సర్వర్‌లో సీపీయూ ఎందుకు నిండిపోతుంది, ఎలా తగ్గించాలి?

2012 జులై 1, ఆదివారం. భారత కాలమానం ప్రకారం ఉదయం 5 గంటల 30 నిమిషాలు కావస్తుండగా ప్రపంచ ప్రామాణిక కాలానికి ఒక సెకను అదనంగా చేర్చారు. భూమి తన చుట్టూ తాను తిరిగే వేగం పూర్తిగా స్థిరంగా ఉండదు. అందువల్ల అణు గడియారాలు చూపే కాలానికీ భూభ్రమణానికీ మధ్య ఏర్పడే తేడాను సరిచేయడానికి అప్పుడప్పుడు ఇలా ఒక సెకను కలుపుతారు. దీన్నే లీప్ సెకను అంటారు. మామూలుగా అయితే ఇది ఎవరి దృష్టికీ రాని సంగతి. కానీ ఆ రోజు లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌పై నడిచే ఎన్నో సర్వర్లలో ప్రాసెసర్ వినియోగం ఒక్కసారిగా గరిష్ఠ స్థాయికి చేరింది. రెడిట్, మొజిల్లా వంటి సంస్థల సేవలకు అంతరాయం కలిగింది. ఆస్ట్రేలియాలో క్వాంటాస్ విమానాల చెక్-ఇన్ వ్యవస్థ నిలిచిపోవడంతో ప్రయాణికులు బారులు తీరారు. జర్మనీలోని హెట్జ్‌నర్ అనే హోస్టింగ్ సంస్థ తన కేంద్రాల్లో విద్యుత్ వినియోగం దాదాపు 1 మెగావాట్ పెరిగిందని వినియోగదారులకు తెలియజేసింది. 75 వాట్ల సీలింగ్ ఫ్యాన్లు 13 వేలకు పైగా ఒకేసారి తిరిగితే అయ్యేంత విద్యుత్ ఇది.

ఆ సమయంలో ఆ సర్వర్లకు అదనంగా వచ్చిన పని ఏమీ లేదు. వాటిని వాడుతున్నవారి సంఖ్య పెరగలేదు. చెడిపోయింది ఒక్కటే: అవి పని కోసం వేచి ఉండే పద్ధతి. సర్వర్‌లో సీపీయూ వినియోగం ఎక్కువగా ఉందంటే అది బాగా కష్టపడుతోందని అనుకోవడం సహజం. చాలా సందర్భాల్లో అసలు కారణం వేరు. సర్వర్ ఎలా పనిచేస్తుందన్న దానితో పాటు ఎలా ఎదురుచూస్తుందన్నదీ దాని సీపీయూ ఖర్చును నిర్ణయిస్తుంది.

ఎక్కువ సమయం ఎదురుచూపే

ఇంటర్నెట్ ద్వారా వచ్చే అభ్యర్థనలను అందుకుని సమాధానం పంపే ప్రోగ్రామే నెట్‌వర్క్ సర్వర్. రైలు టికెట్ బుకింగ్, బ్యాంకు లావాదేవీ, పరీక్షా ఫలితాలు, వాట్సాప్ సందేశం ఇలా ప్రతిదాని వెనకా ఒక సర్వర్ ఉంటుంది. ఒకేసారి ఎందరో అడుగుతారు కాబట్టి పనిని థ్రెడ్లుగా విడదీస్తారు. థ్రెడ్ అంటే ఒక ప్రోగ్రామ్‌లో స్వతంత్రంగా ముందుకు సాగే ఒక పని వరుస. ఒకే హోటల్‌లో పనిచేసే పలువురు వంటవాళ్ల వంటివి ఇవి. అందరిదీ ఒకే వంటగది, ఒకే సరుకులు. ఎవరి ఆర్డర్ వారిది.

సీపీయూలోని కోర్ ఈ వంటవాడికి దొరికే పొయ్యి లాంటిది. ఒక కోర్ సాధారణంగా ఒక సమయంలో ఒక థ్రెడ్‌నే నడుపుతుంది. 8 కోర్లు ఉన్న యంత్రంలో వందల థ్రెడ్లు ఉంటే, ఎవరికి ఎప్పుడు, ఎంతసేపు కోర్ ఇవ్వాలో ఆపరేటింగ్ సిస్టమ్‌లోని షెడ్యూలర్ నిర్ణయిస్తుంది.

సర్వర్ జీవితంలో ఎదురుచూపు ఎంత పెద్దదో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి గగనమార్గంలో సుమారు 1,250 కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. అంటే తీగ తిన్నగా వేసి ఉన్నా ఒక సందేశం వెళ్లి రావడానికి కనీసం 12.5 మిల్లీసెకన్లు పడుతుంది. మనిషికి అది రెప్పపాటు కూడా కాదు. కానీ 3 గిగాహెర్ట్జ్ వేగంతో నడిచే కోర్ ఆ వ్యవధిలో 3 కోట్ల 75 లక్షల సార్లు టిక్కుమంటుంది. డేటాబేస్ నుంచి జవాబు రావాలన్నా, వినియోగదారుడి ఫోన్ నుంచి తర్వాతి ముక్క అందాలన్నా ఇలాంటి విరామాలు తప్పవు. ఆ కోట్ల టిక్కులను ఏం చేస్తారన్నదే అసలు ప్రశ్న.

కాలింగ్ బెల్, తలుపు తీసి చూడటం

ఇంటికి పార్శిల్ రావాల్సి ఉంది. ఎదురుచూడటానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, ప్రతి సెకనుకూ వెళ్లి తలుపు తీసి వచ్చారా అని చూడటం. రెండు, కాలింగ్ బెల్ మోగేదాకా నిశ్చింతగా ఉండటం. పార్శిల్ అందే సమయం రెండింటిలోనూ ఒక్కటే. మొదటి మార్గంలో మాత్రం రోజంతా తలుపు దగ్గరే గడిచిపోతుంది.

ప్రోగ్రామ్‌లో మొదటి పద్ధతిని బిజీ వెయిటింగ్ అంటారు. ‘డేటా వచ్చిందా? రాలేదు. వచ్చిందా? రాలేదు’ అంటూ థ్రెడ్ ఒక లూప్‌లో తిరుగుతూనే ఉంటుంది. షెడ్యూలర్ దృష్టిలో అది పని చేస్తున్న థ్రెడ్డే. కాబట్టి దానికి కోర్ ఇస్తూనే ఉంటుంది. ఫలితంగా ఆ కోర్ వినియోగం 100 శాతంగా కనిపిస్తుంది. రెండో పద్ధతిలో థ్రెడ్ ‘డేటా వచ్చినప్పుడు లేపు’ అని ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెప్పి నిద్రలోకి వెళ్తుంది. నిద్రపోతున్న థ్రెడ్ సీపీయూను వాడదు. నెట్‌వర్క్ కార్డుకు డేటా అందినప్పుడు అది ప్రాసెసర్‌కు సంకేతం పంపుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఆ డేటా కోసం చూస్తున్న థ్రెడ్‌ను లేపుతుంది.

ఇక్కడ చాలామంది ఒక మధ్యేమార్గం ఎంచుకుంటారు. లూప్‌లో ప్రతిసారీ ఒక మిల్లీసెకను నిద్ర పెడతారు. గ్రాఫ్ వెంటనే కిందికి దిగుతుంది. కానీ జబ్బు తగ్గలేదు, జ్వరం మాత్రమే తగ్గింది. అలాంటి థ్రెడ్లు 200 ఉంటే సెకనుకు దాదాపు 2 లక్షల సార్లు ఊరికే మేల్కొని పడుకుంటాయి. పైగా డేటా వచ్చిన క్షణానికి థ్రెడ్ నిద్రలో ఉంటే జవాబు ఆ మేరకు ఆలస్యమవుతుంది. బెల్ పెట్టించుకోవడం మాని, తలుపు తీసే విరామాన్ని పెంచినట్టే ఇది.

2012లో ఏం జరిగింది?

థ్రెడ్లు చాలాసార్లు గడువు పెట్టుకుని నిద్రపోతాయి. ‘పని వస్తే లేపు, రాకపోతే అర సెకను తర్వాత లేపు’ అన్నది ఆ ఏర్పాటు. లీప్ సెకను చేర్చినప్పుడు లైనక్స్ కెర్నల్ తన ప్రధాన గడియారాన్ని ఒక సెకను వెనక్కి సరిచేసింది. కానీ గడువులను లెక్కించే టైమర్ విభాగానికి ఆ కబురు చేరలేదు. దాంతో అది అసలు సమయం కంటే ఒక సెకను ముందున్నట్టు లెక్కవేసింది. ‘అర సెకను తర్వాత లేపు’ అని థ్రెడ్ కోరితే, ఆ గడువు ఎప్పుడో దాటిపోయిందని భావించి తక్షణమే లేపేసింది. లేచిన థ్రెడ్‌కు పని కనిపించలేదు. మళ్లీ నిద్రకు వెళ్లింది. మళ్లీ వెంటనే మేల్కొంది. ప్రోగ్రామర్ రాసింది నిద్ర, యంత్రంలో నడిచింది మాత్రం బిజీ వెయిటింగ్. జావా ప్రోగ్రామ్‌లు, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లు ఇలాంటి చిన్న గడువులను విరివిగా వాడతాయి కాబట్టి వాటిపై దెబ్బ ఎక్కువగా పడింది.

తాత్కాలిక పరిష్కారం వింతగా అనిపిస్తుంది. సిస్టమ్ గడియారాన్ని అప్పుడున్న సమయానికే మరోసారి సెట్ చేస్తే చాలు. సమయం మారిందన్న కబురు టైమర్ విభాగానికి అంది, థ్రెడ్లు మళ్లీ నిజంగా నిద్రపోయాయి. తర్వాత కెర్నల్‌లోనే ఆ లోపాన్ని సరిదిద్దారు. లీప్ సెకన్లు చేర్చే పద్ధతిని 2035 నాటికి ఆపాలని 2022 నవంబర్‌లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ తీర్మానించింది.

నిద్రపోనివ్వని పొరపాట్లు

ఇంత అరుదైన కారణం లేకుండానే సర్వర్లు ఊరికే తిరుగుతుంటాయి. నిపుణులకు తరచూ ఎదురయ్యే సందర్భాలు కొన్ని ఉన్నాయి.

మొదటిది, తెగిపోయిన కనెక్షన్. అవతలి వ్యక్తి కనెక్షన్ ముగించినప్పుడు, చదవబోయిన సర్వర్‌కు ‘సున్నా బైట్లు’ అన్న జవాబు వస్తుంది. అది ‘ఇక ఏమీ రాదు’ అన్న సూచన. ప్రోగ్రామ్ దాన్ని ‘ఇంకా రాలేదు’ అని పొరబడి మళ్లీ చదవబోతే, మళ్లీ వెంటనే సున్నా వస్తుంది. ఆ లూప్‌కు అంతం ఉండదు. సున్నా వచ్చిన కనెక్షన్‌ను మూసేయడమే మందు.

రెండోది, అవసరం లేని సంకేతం అడగడం. ‘ఈ కనెక్షన్‌లో రాయడానికి వీలైనప్పుడు చెప్పు’ అని సర్వర్ అడగవచ్చు. కానీ రాయడానికి దాదాపు ఎప్పుడూ వీలుంటుంది. పంపాల్సింది ఏమీ లేనప్పుడు కూడా ఆ కోరికను అలాగే ఉంచితే, బెల్ ఆగకుండా మోగుతూనే ఉంటుంది. పంపాల్సిన డేటా మిగిలి ఉన్నప్పుడే ఆ సంకేతం అడిగి, పంపడం పూర్తికాగానే రద్దు చేసుకోవాలి.

మూడోది, పరిమితి దాటడం. ఒక ప్రోగ్రామ్ ఒకేసారి తెరవగల ఫైళ్లు, కనెక్షన్ల సంఖ్యకు హద్దు ఉంటుంది. చాలా లైనక్స్ వ్యవస్థల్లో ముందుగా ఉండే హద్దు 1,024. అది నిండాక కొత్త కనెక్షన్ తలుపు తడుతూనే ఉంటుంది. సర్వర్ దాన్ని తీసుకోలేదు, తడుతున్న చప్పుడును ఆపలేదు. ఫలితం మళ్లీ 100 శాతం. హద్దును పెంచడం, హద్దు నిండినప్పుడు కొత్తవారిని తీసుకోవడం కాసేపు ఆపడం ఇందుకు మార్గాలు.

కొన్నిసార్లు పొరపాటు కింది పొరల్లో ఉంటుంది. జావా నెట్‌వర్క్ లైబ్రరీలో సంకేతాల కోసం వేచి ఉండే ‘సెలెక్టర్’, కొన్ని పరిస్థితుల్లో ఏ సంకేతమూ లేకుండానే వెంటనే తిరిగివచ్చే లోపం ఒకప్పుడు బాగా ఇబ్బంది పెట్టింది. ఎన్నో సర్వర్లకు ఆధారమైన నెట్టీ అనే సాఫ్ట్‌వేర్ దీనికి ఒక ఉపాయం చేసింది. సెలెక్టర్ వరుసగా 512 సార్లు అకారణంగా తిరిగివస్తే దాన్ని పారేసి కొత్తది తయారుచేసుకుంటుంది.

పదివేల మందికి ఒక కాపలాదారు

తొలినాళ్ల సర్వర్లలో ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో థ్రెడ్ కేటాయించడం తేలికైన పద్ధతి. వందమందికి అది సరిపోతుంది. పదివేల మంది వస్తే పరిస్థితి మారుతుంది. 64 బిట్ల లైనక్స్‌లో ప్రతి థ్రెడ్‌కూ మామూలుగా 8 మెగాబైట్ల స్టాక్ చోటును కేటాయిస్తారు. పదివేల థ్రెడ్లకు అది 80 గిగాబైట్ల చిరునామా స్థలం. అంతా నిజంగా మెమరీలో నిండకపోయినా భారం భారమే. అంతకన్నా పెద్ద సమస్య మార్పిడి ఖర్చు. ఒక థ్రెడ్‌ను ఆపి మరొక దాన్ని నడపాలంటే మొదటిదాని స్థితిని భద్రపరచి, రెండోదాని స్థితిని తేవాలి. దీన్నే కాంటెక్స్ట్ స్విచ్ అంటారు. దానికి కొద్ది మైక్రోసెకన్లే పట్టవచ్చు. కానీ ప్రాసెసర్‌కు దగ్గరగా ఉండే క్యాష్ మెమరీలో అంతకుముందు థ్రెడ్ పోగుచేసుకున్న సమాచారం చెదిరిపోతుంది. సెకనుకు లక్షల మార్పిడులు జరిగితే అసలు పనికి మిగిలేది తగ్గిపోతుంది. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అన్న సామెత థ్రెడ్లకూ వర్తిస్తుంది.

అమెరికా ఇంజినీర్ డాన్ కెగెల్ 1999లో ఈ సమస్యకు ‘సీ10కే’ అని పేరు పెట్టాడు. ఒకే యంత్రం ఒకేసారి 10,000 మంది వినియోగదారులకు సేవ చేయడం ఎలా అన్నది ఆ ప్రశ్న. అప్పటికే 1983 నుంచి బీఎస్‌డీ యునిక్స్‌లో ‘సెలెక్ట్’ అనే సౌకర్యం ఉంది. ఒక థ్రెడ్ పలు కనెక్షన్ల జాబితా ఇచ్చి, వాటిలో దేనిలో కదలిక వచ్చినా లేపమని కోరవచ్చు. అయితే ప్రతిసారీ జాబితా మొత్తాన్ని మొదటి నుంచి చివరిదాకా వెతకాలి. పదివేల కనెక్షన్లలో పదింటిలోనే కదలిక ఉన్నా పదివేలూ చూడాల్సిందే. 2000లో ఫ్రీబీఎస్‌డీలో వచ్చిన ‘కేక్యూ’, 2002లో లైనక్స్ అభివృద్ధి కెర్నల్‌లో చేరిన ‘ఈపోల్’ ఈ తీరును మార్చాయి. జాబితాను కెర్నలే గుర్తుంచుకుంటుంది. కదలిక వచ్చిన కనెక్షన్లను మాత్రమే అందిస్తుంది. 2004లో రష్యా ఇంజినీర్ ఇగోర్ సిసోయెవ్ విడుదల చేసిన ఎంజిన్‌ఎక్స్ సర్వర్ ఈ పద్ధతినే ఆధారం చేసుకుని, కొద్దిపాటి ప్రాసెస్‌లతో వేల కనెక్షన్లను నిర్వహించి ప్రాచుర్యం పొందింది.

ఈ పద్ధతిలో కొద్ది థ్రెడ్లు కాపలా కాస్తాయి. వచ్చిన పనిని ఒక వరుసలో పెడతాయి. పరిమిత సంఖ్యలో ఉన్న పనివారి థ్రెడ్లు వరుసలో నుంచి పని తీసుకుని పూర్తిచేస్తాయి. వరుస ఖాళీగా ఉంటే అవి నిద్రపోతాయి.

థ్రెడ్లు ఎన్ని ఉండాలి?

దీనికి ఒక సులువైన లెక్క ఉంది. అమెరికా శాస్త్రవేత్త జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ప్రకారం, ఒక వ్యవస్థలో సగటున ఉండేవారి సంఖ్య, వారు వచ్చే రేటునూ ఒక్కొక్కరు లోపల గడిపే సగటు సమయాన్నీ గుణిస్తే వస్తుంది. బ్యాంకు వరుసకైనా, సర్వర్‌కైనా ఇదే లెక్క.

ఉదాహరణకు ఒక సర్వర్‌కు సెకనుకు 200 అభ్యర్థనలు వస్తున్నాయనుకుందాం. ఒక్కొక్కటి పూర్తవడానికి 50 మిల్లీసెకన్లు పడుతుంది. 200ను 0.05తో గుణిస్తే 10. అంటే సగటున ఏ క్షణంలోనైనా 10 అభ్యర్థనలే లోపల ఉంటాయి. రద్దీ హెచ్చుతగ్గుల కోసం కొంత అదనం చేర్చినా వందల థ్రెడ్లు అవసరం లేదు.

ఇదే లెక్క సీపీయూ గురించి కూడా చెబుతుంది. ఆ 50 మిల్లీసెకన్లలో 45 డేటాబేస్ కోసం ఎదురుచూపు, 5 మాత్రమే నిజమైన గణన అయితే, 200ను 0.005తో గుణిస్తే 1. అంటే ఈ సర్వర్‌కు కావాల్సింది ఒక్క కోర్ పని. 8 కోర్లూ నిండిపోయి కనిపిస్తుంటే ఏడు కోర్ల శక్తి ఎక్కడో వృథా అవుతోందన్నమాట. సీపీయూ ఎంత ఉందో చూసే ముందు ఎంత ఉండాలో లెక్క వేసుకుంటే సగం నిజం బయటపడుతుంది.

పెనం ఒక్కటే అయితే

థ్రెడ్లు ఒకే సమాచారాన్ని పంచుకుంటాయి. ఇద్దరు ఒకేసారి దాన్ని మారిస్తే తప్పులు దొర్లుతాయి కాబట్టి లాక్ పెడతారు. లాక్ ఎవరి చేతిలో ఉంటే వారే లోపలికి వెళ్తారు. వంటవాళ్లు పదిమంది ఉన్నా దోసె పెనం ఒక్కటే అయితే తొమ్మిదిమంది దాని చుట్టూ నిలబడాల్సిందే. అలా నిలబడేవారు నిద్రపోతే సీపీయూ ఖర్చు తక్కువ. ‘ఖాళీ అయిందా’ అంటూ తిరుగుతూ ఉంటే ఆ తొమ్మిదిమందీ కోర్లను తినేస్తారు.

1967లో జీన్ ఆమ్‌డాల్ చేసిన వాదన నుంచి పుట్టిన సూత్రం ఈ హద్దును లెక్కగట్టి చూపుతుంది. పనిలో 5 శాతం ఒకరి తర్వాత ఒకరు చేయాల్సినదే అయితే, ఎన్ని కోర్లు చేర్చినా వేగం 20 రెట్లకు మించదు. అందుకే లాక్ పట్టుకునే సమయాన్ని తగ్గించాలి. లాక్ లోపల ఫైలు రాయడం, నెట్‌వర్క్ కోసం చూడటం వంటివి చేయకూడదు. ఒక పెద్ద పట్టికకు ఒకే లాక్ కాకుండా దాన్ని భాగాలు చేసి విడివిడి లాక్‌లు పెట్టవచ్చు.

మరో చిక్కు అందరినీ ఒకేసారి లేపడం. ఒక్క పని వచ్చినప్పుడు నిద్రపోతున్న వంద థ్రెడ్లనూ లేపితే ఒకదానికి పని దొరుకుతుంది. మిగతా తొంభై తొమ్మిది ఊరికే లేచి, చూసి, మళ్లీ పడుకుంటాయి. ఒక పనికి ఒకరిని మాత్రమే లేపే ఏర్పాటు చేసుకోవాలి. కొత్త కనెక్షన్ల విషయంలో ఈ ఇబ్బంది తగ్గించడానికి లైనక్స్‌లో 2016లో వచ్చిన 4.5 వెర్షన్ ప్రత్యేక సౌకర్యం కల్పించింది.

కంటికి కనిపించని తగవు కూడా ఒకటుంది. నేటి సాధారణ సర్వర్ ప్రాసెసర్లలో ఎక్కువ భాగం మెమరీని 64 బైట్ల ముక్కలుగా క్యాష్‌లోకి తెచ్చుకుంటాయి. రెండు థ్రెడ్లు రెండు వేర్వేరు లెక్కింపులను పెంచుతున్నా, అవి పక్కపక్కనే ఒకే ముక్కలో ఉంటే ఆ ముక్క కోసం రెండు కోర్లూ లాగులాడుకుంటాయి. లెక్కింపులను దూరం జరిపితే చాలు, ఒక్క లాక్ కూడా మార్చకుండానే వేగం పెరుగుతుంది.

ముందు కొలత, తర్వాత మార్పు

కారణాలు ఇన్ని ఉన్నప్పుడు ఊహతో మందు వేయడం ప్రమాదం. వైద్యుడు పరీక్షలు చేయించినట్టే ఇక్కడా క్రమం ఉంది.

మొదట ఏ థ్రెడ్ సీపీయూను తింటోందో చూడాలి. లైనక్స్‌లో ‘టాప్’ అనే సాధనం థ్రెడ్లను విడివిడిగా చూపగలదు. దానిలో సాధారణంగా 100 శాతం అంటే ఒక కోర్ పూర్తిగా నిండిందని అర్థం. అదే మొత్తం యంత్రాన్ని 100గా లెక్కించే గ్రాఫ్‌లో, 8 కోర్ల యంత్రం పని లేనప్పుడు కూడా కదలకుండా 12.5 శాతం చూపుతుంటే ఒక థ్రెడ్ ఎక్కడో ఊరికే తిరుగుతోందని అనుమానించాలి. రద్దీతో పాటు పెరిగి తగ్గే వినియోగం వేరు, అర్ధరాత్రి కూడా దిగని వినియోగం వేరు.

తర్వాత ఆ సమయం ప్రోగ్రామ్ సొంత కోడ్‌లో గడుస్తోందా, ఆపరేటింగ్ సిస్టమ్ లోపల గడుస్తోందా అన్నది చూడాలి. రెండోది ఎక్కువగా ఉంటే అతిగా మేల్కోవడం, కాంటెక్స్ట్ స్విచ్‌లు, చిన్న చిన్న ముక్కలుగా చదవడం, రాయడం కారణం కావచ్చు. మొదటిది ఎక్కువైతే ఏ ఫంక్షన్ ఎంత సమయం తీసుకుంటోందో ‘పెర్ఫ్’ వంటి ప్రొఫైలర్ చెబుతుంది. ఇది సెకనుకు ఎన్నోసార్లు సీపీయూ ఏం చేస్తోందో తొంగిచూసి నమోదు చేస్తుంది. ఆ నమూనాలను మంటల ఆకారంలో చూపే ఫ్లేమ్ గ్రాఫ్‌ను బ్రెండన్ గ్రెగ్ 2011లో రూపొందించాడు. వెడల్పుగా కనిపించే మంట ఎక్కువ సమయం తింటున్న ఫంక్షన్.

కొలతలో నిజమైన పనే బరువుగా ఉందని తేలవచ్చు కూడా. 2019 జులై 2న క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ తన భద్రతా వ్యవస్థలో ఒక కొత్త నియమం ప్రవేశపెట్టింది. అందులోని ఒక అక్షర నమూనా సరిపోలికను వెతికే క్రమంలో, కుదరనప్పుడల్లా వెనక్కి వెళ్లి మరో విధంగా ప్రయత్నించాల్సి వచ్చింది. ప్రయత్నాల సంఖ్య విపరీతంగా పెరిగి, ప్రపంచవ్యాప్తంగా ఆ సంస్థ సర్వర్ల సీపీయూలు నిండిపోయాయి. దాదాపు 27 నిమిషాల పాటు ఎన్నో వెబ్‌సైట్లు అందుబాటులో లేకుండా పోయాయి. ఇక్కడ థ్రెడ్ల సంఖ్య మార్చినా ఫలితం ఉండేది కాదు. ఆ నమూనా రాసిన తీరే మారాలి. ఇదే విధంగా ప్రతి అభ్యర్థనకూ కొత్త సురక్షిత కనెక్షన్ ఏర్పరచడం, ఒకే సమాధానాన్ని పదేపదే లెక్కించడం వంటివి ఉంటే కనెక్షన్‌ను మళ్లీ వాడుకోవడం, సమాధానాన్ని కాసేపు దాచి ఉంచడం పరిష్కారాలు.

ఒకసారి ఒక్క మార్పే చేయాలి. చేశాక మళ్లీ కొలవాలి. సీపీయూ తగ్గి, జవాబుకు పట్టే సమయం పెరిగితే అది విజయం కాదు.

తిరగడమే మేలైన చోట

బిజీ వెయిటింగ్ ఎప్పుడూ తప్పే అనలేం. లాక్ మరుక్షణంలో విడుదలవుతుందని తెలిసినప్పుడు నిద్రపోయి లేవడం కంటే కొద్దిసేపు తిరుగుతూ ఉండటమే చవక. చాలా లాక్‌లు ముందు కాసేపు తిరిగి, అప్పటికీ దొరకకపోతే నిద్రపోతాయి. టెలికాం పరికరాల్లో వాడే డీపీడీకే అనే సాఫ్ట్‌వేర్ సెకనుకు కోట్ల ప్యాకెట్లను అందుకోవడం కోసం కొన్ని కోర్లను ఉద్దేశపూర్వకంగా నిరంతరం తిప్పుతుంది. ఆ వేగంలో ప్రతి ప్యాకెట్‌కూ బెల్ మోగితే బెల్ వినడానికే సమయం చాలదు. అక్కడ 100 శాతం వినియోగం తెలిసి పెట్టిన ఖర్చు. తెలియకుండా అవుతున్న ఖర్చే సమస్య.

మిగిలిన చోటే అసలు బలం

సర్వర్ నెమ్మదించనంత వరకు సీపీయూ ఎంత నిండితే ఏమిటి అనిపించవచ్చు. డెన్మార్క్‌కు చెందిన అగ్నర్ ఎర్లాంగ్ 1909లో టెలిఫోన్ కాల్స్ కోసం మొదలుపెట్టిన అధ్యయనం నుంచి ఎదిగిన క్యూ సిద్ధాంతం దీనికి జవాబిస్తుంది. యాదృచ్ఛికంగా వచ్చేవారికి ఒకే కౌంటర్ ఉన్న సరళమైన వరుసలో, 5 మిల్లీసెకన్ల పని కౌంటర్ 50 శాతం నిండి ఉంటే సగటున 10 మిల్లీసెకన్లలో పూర్తవుతుంది. 90 శాతం నిండితే 50, 95 శాతం నిండితే 100 మిల్లీసెకన్లు పడుతుంది. చివరి కొద్ది శాతాల్లోనే ఆలస్యం పెచ్చుమీరుతుంది.

రైల్వే తత్కాల్ టికెట్లు ఏసీ తరగతులకు ఉదయం 10 గంటలకు, మిగతా వాటికి 11 గంటలకు మొదలైనట్టు, ప్రజలు వాడే ఎన్నో సేవలకు రద్దీ ఒక్క నిమిషంలో వచ్చిపడుతుంది. పరీక్షా ఫలితాల రోజూ అంతే. అలాంటి రద్దీని తట్టుకునేది సర్వర్‌లో అప్పటిదాకా ఖాళీగా మిగిలి ఉన్న భాగమే. ఊరికే తిరిగే థ్రెడ్లు ఆ భాగాన్ని ముందే తినేస్తే, కొత్త యంత్రాలు కొనడం తప్ప దారి కనిపించదు. కొన్న యంత్రాల్లోనూ అదే వృథా కొనసాగుతుంది. దానికి విద్యుత్, దాన్ని చల్లబరచడానికి మరికొంత విద్యుత్.

అందుకే మంచి సర్వర్‌ను గుర్తించడానికి రద్దీ సమయంలో దాని వేగంతో పాటు ఎవరూ లేని వేళ దాని నిశ్శబ్దాన్నీ చూడాలి. పని లేనప్పుడు సీపీయూ గ్రాఫ్ నేలను తాకుతుంటే, దాని థ్రెడ్లకు ఎదురుచూడటం వచ్చని నమ్మవచ్చు.